చెత్తడబ్బాలు ఎత్తినోడే మెస్సీ టీమ్‌ను ఓడగొట్టిండు

2022 నవంబర్ 22, మంగళారం. మా ఊరి ఐకేపీ సెంటర్ల వడ్లు ఆరబోసుకొని, కాంటా ఎప్పుడయితదో తెల్వక టార్పాలిన్ మీద కూసున్నం. మధ్యాహ్నం మూడున్నరకు ఖతర్ల అర్జెంటీనా, సౌదీ అరేబియా మ్యాచ్ మొదలైంది. నలుగురం ఒక్క ఫోన్ మీద పడ్డం. అందరిదీ ఒక్కటే లెక్క: మెస్సీ ఎన్ని కొడ్తడు? పదో నిమిషంలనే పెనాల్టీ కొట్టిండు. "అయిపాయె తియ్" అని ఒకడు లేచి వడ్లు తిరగేయ పోయిండు. వాడు మళ్ల వచ్చి కూసునేసరికి సౌదీ రెండు, అర్జెంటీనా ఒకటి. ఆఖరుకు లెక్క అట్లనే మిగిలింది.

ఆ రాత్రి రియాద్ నుంచి మా బావ ఫోన్ చేసిండు. ఆయన అక్కడ డ్రైవర్ పని చేస్తడు. "బామ్మర్దీ, రేపు మాకు సెలవు. రాజే ఇచ్చిండు" అని నవ్వుతున్నడు. నిజమే. సౌదీ రాజు సల్మాన్ తెల్లారి సర్కారు, ప్రైవేటు నౌకరోళ్లకు, బడి పిల్లలకు అందరికీ సెలవు ప్రకటించిండు. బావ ఇంకో మాట అన్నడు: "గెలిపిచ్చినోడు ఎవడో తెల్సా? మా లెక్కనే బయటిదేశం నుంచి పని మీద వచ్చినోడు. ఫ్రెంచాయన. తెల్ల అంగి ఏసుకుంటడు సూడు, ఆయన."

ఆ మాట నా మనసుల ఉండిపోయింది. మా బావ జీతానికి, ఆ కోచ్ జీతానికి నక్కకు నాగలోకానికి ఉన్నంత తేడా. కోచ్‌ను కారాపి అకామా అడిగేటోడు ఎవడూ ఉండడు. అయినా ఒక్క ముచ్చట్ల ఇద్దరూ ఒక్కటే. ఇద్దరిదీ పరాయిదేశం, ఇద్దరిదీ అగ్రిమెంటు పని. పని నచ్చకుంటే వాపస్ పంపుతరు. ఆయన పేరు హెర్వే రెనార్. ఫ్రెంచ్ భాషల రెనార్ అంటే నక్క. అదృష్టం కలిసొచ్చినోన్ని నక్కతోక తొక్కిండు అంటం గదా, ఈయన ఇంటిపేరే నక్క. కానీ ఆయన బతుకు మొత్తం చదివినంక నాకు అర్థమైంది ఏందంటే, అందులో అదృష్టం పాలు జరంతనే. ఫుట్‌బాల్ల బయటిదేశపు కోచ్ అంటే ఏం పని చేస్తడు, ఒక దేశానికి ఆయన ఏం ఇయ్యగలడు, ఏం ఇయ్యలేడు అన్నది ఈయన కత చూస్తే సాఫ్‌గ సమజైతది.

మెట్లు కడుగుకుంట కోచింగ్

రెనార్ 1968ల ఫ్రాన్సుల ఆల్ప్స్ కొండల పక్కన ఒక చిన్న పట్నంల పుట్టిండు. ఆటగాడిగ ఆయన డిఫెండర్. సినిమా పండుగకు పేరువడ్డ కేన్స్ పట్నం క్లబ్బుల మొదలువెట్టిండు. జిదాన్ ఎదిగిన క్లబ్బు కూడ అదే. జిదాన్ ప్రపంచాన్ని ఏలిండు. రెనార్ మాత్రం పెద్ద ఆటగాడు కాలేదు. కేన్స్ నుంచి కిందిస్థాయి లీగుల చిన్న క్లబ్బులకు జారిండు. 1998 వరకు ఆడి, ముప్పై ఏండ్ల వయసుల బూట్లు ఇడ్సిండు. జిదాన్ ఫ్రాన్సుకు ప్రపంచకప్ తెచ్చిన ఏడాది కూడ అదే.

చిన్న లీగుల ఆడినోడికి కూడబెట్టుకున్న పైసలు ఏముంటయి? అందుకే సఫాయి పనికి పోయిండు. తెల్లారకముందే లేచి అపార్టుమెంట్ల చెత్తడబ్బాలు బయటవెట్టుడు, మెట్లు కడుగుడు. తర్వాత సొంతంగనే ఒక చిన్న క్లీనింగ్ కంపెనీ పెట్టుకున్నడు. పొద్దంత ఆ పని, పొద్దుగూకినంక గ్రౌండు. ద్రాగిన్యాన్ అనే పట్నంల, తను ఆఖరుకు ఆడిన క్లబ్బుకే కోచ్ అయిండు. పేరు, పైసలు రెండూ లేని లీగు అది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలె. సోషల్ మీడియాల ఈయన గురించి రీల్స్ మస్తుగ తిరుగుతయి. "చెత్త ఎత్తినోడు ప్రపంచకప్‌కు పోయిండు, నువ్వు కూడ పోతవు" అన్నట్టు మ్యూజిక్ పెట్టి చెప్తరు. నాకు ఆ తీరు నచ్చదు. చెత్త ఎత్తుడు ఆయనను కోచ్‌ను చెయ్యలేదు. చెత్త ఎత్తేటోళ్లు లోకంల కోట్లమంది ఉన్నరు, వాళ్ల కష్టం తక్కువనా? ఆయనను కోచ్‌ను చేసింది సాయంత్రం పూట ఇడిసిపెట్టని గ్రౌండు. దానికి తోడు చెయ్యిపట్టి తీస్కపోయిన ఒక మనిషి.

చెయ్యిపట్టిన గురువు, తిరిగిన దేశాలు

ఆ మనిషి పేరు క్లోద్ లె రువా. ఆయన కూడ ఫ్రెంచాయనే. ఆఫ్రికాల ఆయనను ఎరుగనోళ్లు లేరు. 1988ల కామెరూన్‌కు ఆఫ్రికా కప్ గెలిపిచ్చిండు. ఆయన 2002ల చైనాల షాంఘై క్లబ్బుకు కోచ్‌గ పోయేటప్పుడు, రెనార్‌ను అసిస్టెంటుగ తీస్కపోయిండు. క్లీనింగ్ కంపెనీ చూసుకునే మనిషి అట్ల విమానం ఎక్కిండు.

గల్ఫ్‌కు పోయేటోళ్లకు ఈ పద్ధతి కొత్తగాదు. ముందుగాల పోయిన మామనో, అన్ననో వీసా పంపుతడు, మనం పోతం. ఫుట్‌బాల్ల గూడ అంతే. బయటిదేశాల్ల పనిచేసే కోచ్‌లకు ఒక బజారు ఉంటది. ఆ బజార్ల పేరు లేనిదే పని దొరకది, పని లేనిదే పేరు రాదు. ఈ ముడి విప్పాలంటే ఎవరో ఒకరు నీ మీద మాట ఇయ్యాలె. రెనార్‌కు లె రువా ఇచ్చిండు.

చైనా తర్వాత ఇద్దరూ 2004ల ఇంగ్లండుల కేంబ్రిడ్జ్ యునైటెడ్ అనే చిన్న క్లబ్బుకు పోయిన్రు. లె రువా తొందర్లనే ఎల్లిపోయిండు, బాధ్యత రెనార్ మీద పడ్డది. టీమ్ ఓడుకుంట ఓడుకుంట డిసెంబర్ నాటికి నాలుగో స్థాయి లీగుల అడుగుకు పోయింది. ఆయనను తీసేసిన్రు. అటెన్క వియత్నాంల నామ్ దిన్ క్లబ్బు, అది కొన్ని నెలల ముచ్చట. మళ్ల ఫ్రాన్సుకు వచ్చి షెర్బుర్ అనే మూడో స్థాయి క్లబ్బుల రెండేండ్లు. ముప్పై తొమ్మిదేండ్లు వచ్చేసరికి ఆయన ఖాతాల చెప్పుకునే గెలుపు ఒక్కటి గూడ లేదు.

2008ల ఆఫ్రికా కప్ ఘానాల జరిగింది. ఘానా కోచ్ లె రువా, అసిస్టెంట్ రెనార్. మూడో స్థానంల నిలిచిన్రు. ఆఫ్రికా ఫుట్‌బాల్ ఎట్లుంటదో ఆయన దగ్గరి నుంచి చూసింది అక్కడనే. అదే ఏడాది జాంబియా పిలిచింది. ఒక దేశపు టీమ్‌కు పెద్దకోచ్‌గ అది మొదటి నౌకరి.

జాంబియా: సముద్రం ఒడ్డున పూలు

జాంబియా గురించి తెల్వాలంటే ముందు 1993 గురించి తెల్వాలె. ఆ ఏడాది ఏప్రిల్ 27న జాంబియా టీమ్ ప్రపంచకప్ క్వాలిఫైయింగ్ మ్యాచ్ ఆడెటందుకు మిలిటరీ విమానంల సెనెగల్ బయలెల్లింది. నడుమ ఇంధనం కోసం గాబన్ దేశపు రాజధాని లిబ్రవిల్‌ల ఆగింది. అక్కడి నుంచి లేచిన కొద్దిసేపటికే విమానం సముద్రంల పడ్డది. 30 మంది పోయిన్రు. అందుల 18 మంది ఆటగాళ్లు. ఒక దేశపు టీమ్ టీమే పోయింది. కెప్టెన్ కలూషా బ్వాల్యా యూరప్ క్లబ్బుల ఆడుతుండె, వేరే దారిల సెనెగల్ పోవాల్సి ఉండె, అందుకే బతికిండు.

ఇప్పుడు 2012కు రండి. ఆఫ్రికా కప్‌ను ఈక్వటోరియల్ గినీ, గాబన్ కలిసి నిర్వహించినయి. రెనార్ మొదటిసారి 2010 ఆఫ్రికా కప్‌ల జాంబియాను క్వార్టర్ ఫైనల్ దాక తీస్కపోయి, తర్వాత అంగోలాకు, అల్జీరియా క్లబ్బుకు పోయి, 2011ల మళ్ల వచ్చిండు. ఈ టోర్నీల జాంబియా మ్యాచ్‌లన్నీ గినీలనే పడ్డయి. లిబ్రవిల్ పోవాలంటే ఒక్కటే దారి: ఫైనల్‌కు చేరాలె. ఎందుకంటే ఫైనల్ అక్కడ.

సెనెగల్‌ను మొదటి మ్యాచ్‌లనే ఓడగొట్టిన్రు. సూడాన్‌ను ఓడగొట్టిన్రు. సెమీస్‌ల ఘానాను 1-0తోటి ఓడగొట్టిన్రు. నడుమ ఒక సంగతి జరిగింది. క్లిఫర్డ్ ములెంగా అనే ఆటగాడు రాత్రి టైముకు హోటల్‌కు రాలేదు, క్షమాపణ చెప్పుమంటే చెప్పలేదు. రెనార్ వానిని టోర్నీ నడుమనే ఇంటికి పంపిండు. ఉన్నదే చిన్న టీమ్, అండ్ల ఒకరిని తగ్గించుకునుడు ఆషామాషీ పనిగాదు. బయటోడు వచ్చి మన పిల్లగాన్ని పంపిండు అని దేశమంతా ఎదురుతిరిగే ప్రమాదం ఉంటది. కానీ మిగిలిన ఇరవైమందికి ఒక మాట పోయింది: ఇక్కడ నీతి అందరికీ ఒక్కటే.

ఫైనల్‌కు ముందు టీమంతా లిబ్రవిల్ సముద్రం ఒడ్డుకు పోయి, పోయినోళ్ల కోసం పూలు పెట్టిన్రు. ఈ సంగతి నేను చాలాసార్లు ఆలోచన చేసిన. రెనార్‌కు ఆ బాధ సొంతం గాదు. 1993ల ఆయన ఫ్రాన్సుల చిన్న క్లబ్బుకు ఆడుతుండె. కానీ ఆ దేశం గుండెల ఏమున్నదో తెల్సుకున్నడు. బయటి నుంచి వచ్చిన కోచ్ మొదలు నేర్చుకోవాల్సింది ఆట గాదు, ఆ మనుషుల బాధ. అది నేర్చుకోనోడు ఎంత తెలివిగలోడైనా వాళ్లకు జీతగాడే, తనోడు కాడు.

ఫైనల్ ఫిబ్రవరి 12. ఎదురుంగ ఐవరీకోస్ట్: ద్రోగ్బా, టూరే అన్నదమ్ములు, జెర్విన్యో. యూరప్ పెద్ద క్లబ్బుల్ల ఆడేటోళ్లు. జాంబియా పిల్లలల్ల అంత పేరున్నోళ్లు లేరు. మ్యాచ్‌ల ద్రోగ్బా పెనాల్టీ పైకి కొట్టిండు. 120 నిమిషాలు అయినా గోల్ లేదు. పెనాల్టీల కాడ జాంబియా పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి పాటలు పాడుకుంట నిలబడ్డరు. ఆఖరుకు స్టోపిలా సున్జు కొట్టిన బంతి వలల పడ్డది. 8-7. జాంబియాకు మొట్టమొదటి ఆఫ్రికా కప్, అదీ తమ అన్నలు పోయిన సముద్రం పక్కన.

మొదట్లనే దెబ్బతగిలి ఏడ్సుకుంట బయటికి పోయిన జోసెఫ్ ముసోండా నడవలేకుండ కూసున్నడు. గెలుపు సంబురంల రెనార్ ఆయనను చేతుల్ల ఎత్తుకొని గ్రౌండుల ఉన్న టీమ్ కాడికి తీస్కపోయిండు. ఆ వీడియో ఉంటది, చూడండి. కోచ్ అంటే ఏందో నేను చెప్పేకంటే అదే మంచిగ చెప్తది.

ఇంటికాడ ఎందుకు ఓడిండు?

2013ల ఆయనకు సొంత దేశంల పెద్ద లీగు నుంచి పిలుపు వచ్చింది. సోషో క్లబ్బు. అప్పటికే కష్టాల్ల ఉన్న టీమ్. మస్తు కొట్లాడిండు గానీ, ఆఖరి మ్యాచ్‌ల ఓడి టీమ్ కింది లీగుకు పడ్డది. అటెన్క 2014ల ఐవరీకోస్ట్ కోచ్ అయిండు. అవును, జాంబియాతోటి తను ఓడగొట్టిన అదే ఐవరీకోస్ట్. 2015 ఫిబ్రవరిల ఆఫ్రికా కప్ ఫైనల్, ఎదురుంగ తను ఒకప్పుడు పనిచేసిన ఘానా. మళ్ల గోల్ లేదు, మళ్ల పెనాల్టీలు. మొదటి రెండు కొట్టుడుల్ల తప్పిన ఐవరీకోస్ట్ మళ్ల పుంజుకొని 9-8తోటి గెలిచింది. ఆఖరి కొట్టుడు గోల్‌కీపర్ బూబకార్ బారీదే. 23 ఏండ్ల తర్వాత ఆ దేశానికి కప్పు వచ్చింది. రెండు వేరే వేరే దేశాలకు ఆఫ్రికా కప్ తెచ్చిన మొదటి కోచ్ రెనార్.

ఇంత చేసినంక ఫ్రాన్సుల లీల్ క్లబ్బు పిలిచింది. 2015 ఎండకాలంల పోయిండు, నవంబర్‌ల తీసేసిన్రు. 13 లీగు మ్యాచ్‌లే ఆయన భాగ్యం.

ఆఫ్రికాల రాజు, ఇంటికాడ నౌకరి పోయినోడు. ఎందుకు? ఇది చాలామందికి సమజుకాని ముచ్చట, జర వివరంగ చెప్త.

క్లబ్బు కోచ్ పని వేరు, దేశపు టీమ్ కోచ్ పని వేరు. క్లబ్బుల ఆటగాళ్లు రోజూ నీ కాడనే ఉంటరు. ఏడాదికి నలభై, యాభై మ్యాచ్‌లు. వారం వారం కొత్త ఎత్తు ఏయాలె. ఆటగాళ్లను కొనుడు, అమ్ముడు, ఓనర్ల పోరు, పొద్దున పేపరోళ్ల పోరు. పది నెలలు అదే మొఖాలు చూసుకుంట, అదే మాట చెప్పుకుంట వాళ్లను విసుగు రాకుండ నడపాలె. దేశపు టీమ్‌ల అట్లగాదు. ఏడాదిల కొన్నిసార్లు, వారం పది రోజులు మాత్రమే ఆటగాళ్లు దొరుకుతరు. కొత్తోన్ని కొనలేవు, ఆ దేశంల పుట్టినోళ్లల్ల, ఆ దేశపు పౌరులల్లనే ఏరుకోవాలె. వేరే వేరే క్లబ్బుల నుంచి వేరే వేరే అలవాట్లతోటి వచ్చినోళ్లను పదిరోజుల్ల ఒక్క తాడుకు కట్టాలె.

మా నాయనమ్మ ఒక మాట అంటుండె: పెండ్లి జేసుడు వేరు, సంసారం ఎల్లదీసుడు వేరు. రెనార్ పెండ్లి జేసే మనిషి. తక్కువ రోజుల్ల అందరినీ కూడగట్టి, ధైర్యం ఎక్కించి, ఒక్కటే పని మీద నిలబెట్టుడు ఆయన విద్య. సంసారంల ఆ విద్య సరిపోలేదు. దీంట్ల సిగ్గుపడేది ఏం లేదు. తన విద్య ఏందో తెల్సుకొని, అది అక్కరకొచ్చే కాడికి పోయిండు. నాకు ఈయన కతల అన్నిటికంటే ఎక్కువ నచ్చింది ఇదే. మనల చాలామంది ఒక్క కాడ పనికిరాలేదంటే మొత్తానికే పనికిరానోళ్లం అనుకుంటం.

2016ల మొరాకో. 20 ఏండ్ల తర్వాత ఆ దేశాన్ని 2018 ప్రపంచకప్‌కు తీస్కపోయిండు. క్వాలిఫైయింగ్ ఆఖరి రౌండు ఆరు మ్యాచ్‌లల్ల మొరాకో ఒక్క గోల్ గూడ ఇయ్యలేదు. ప్రపంచకప్‌ల ఇరాన్, పోర్చుగల్ చేతుల 1-0తోటి ఓడిన్రు, స్పెయిన్‌తోటి 2-2 కాడ ఆపిన్రు. 2019 ఆఫ్రికా కప్‌ల బెనిన్ చేతుల ఓడినంక ఆ నౌకరి ఇడిసి, సౌదీ పోయిండు.

మెస్సీని పట్టిన గొలుసు

ఇప్పుడు మళ్ల మా వడ్లకుప్ప కాడికి, ఆ మ్యాచ్ కాడికి వద్దాం. అప్పటికి అర్జెంటీనా 36 మ్యాచ్‌ల నుంచి ఓటమి ఎరుగది. సౌదీ ఎట్ల గెలిచింది?

మొదటి కారణం మ్యాచ్‌కు చాలా ముందే ఉన్నది. సౌదీ టీమ్‌ల అందరూ సొంత దేశపు లీగుల ఆడేటోళ్లే. ప్రపంచకప్ కోసం ఆ లీగును ముందుగాలనే ఆపి, వారాల తరబడి క్యాంపు పెట్టిన్రు. అర్జెంటీనా ఆటగాళ్లేమో యూరప్ క్లబ్బుల్ల వారం ముందు దాక ఆడి వచ్చినోళ్లు. ఎక్కువ రోజులు దొరుకని దేశపు కోచ్‌కు, ఆ ఒక్కసారి రోజులు దొరికినయి.

రెండో కారణం ఆఫ్‌సైడ్ గీత. కబడ్డీ ఆడినోళ్లకు ఇది అల్కగ అర్థమైతది. కూతకొచ్చినోన్ని పట్టాలంటే మనం చేతులు పట్టుకొని గొలుసు కడ్తం. గొలుసు ఒక్కటిగ ముందుకు పోవాలె, ఒక్కటిగ ఎన్కకు రావాలె. ఒక్కడు ఆలస్యమైనా సందు దొరుకుతది. ఫుట్‌బాల్ల డిఫెండర్లు గట్లనే ఒక వరుసల నిలబడ్తరు. తోటివాడు బంతి ఇచ్చేటప్పుడు ఎదుటి ఆటగాడు ఆ వరుస దాటి ముందే ఉంటే ఆఫ్‌సైడ్, గోల్ కొట్టినా చెల్లది. మామూలుగ చిన్న టీములు భయంతోటి ఆ వరుసను గోల్ కాడికి గుంజుకుంటయి. రెనార్ ఉల్టా చేసిండు. వరుసను గ్రౌండు నడిమి దిక్కు నెట్టిండు. మెస్సీ లాంటోని ముందట ఎన్క అంత జాగ ఇడ్సుడంటే, తలుపు తీసి దొంగను పిలిచినట్టే. కానీ గొలుసు తెగలేదు. మొదటి సగంల అర్జెంటీనా మూడుసార్లు బంతిని వలల ఏసింది, మూడూ ఆఫ్‌సైడే. అండ్ల ఒకటి జానెడు తేడా. పాతకాలం రెఫరీ కండ్లకైతే అందకపోవు, మిషన్ పట్టింది. అదృష్టం పాలు జరంతనే అన్న గదా, ఆ జరంత ఇదే.

మూడోది ఇంటర్వెల్. ఆ డ్రెస్సింగ్ రూమ్ వీడియోను సౌదీ ఫెడరేషనే తర్వాత బయటవెట్టింది. రెనార్ ఇంగ్లీషుల అరుస్తుంటే, పక్కన తర్జుమా చేసేటాయన అదే కోపంతోటి అరబ్బీల అరుస్తుండు. మెస్సీ కాడ బంతి ఉంటే దగ్గరికి పోకుండ చూసుకుంట నిలబడ్తున్నరు, అంత ముచ్చటైతే ఫోన్ తీసి ఫోటో దిగుండ్రి అన్న అర్థంల ఎద్దేవా చేసిండు. తిట్టుడు ఎవరైనా తిడ్తరు. కానీ ఆయన పట్టుకున్నది అసలు రోగాన్ని. వాళ్లకు ఆట రాక గాదు, ఎదుటోని పేరు చూసి జంకుతున్నరు. పేరును చూసి జంకుడు అంటే ఏందో మన ఊరి పిల్లలకు నేను చెప్పే పనిలేదు. పట్నం కాలేజీ టీమ్ బూట్లు, జెర్సీలు చూసే సగం మ్యాచ్ ఓడిపోయినోళ్లం మనం.

48వ నిమిషంల సాలెహ్ అల్ షెహ్రీ కొట్టిండు. 53వ నిమిషంల సాలెం అల్ దౌసరీ ఇద్దరు ముగ్గురిని తప్పిచ్చుకొని దూరం మూలకు కొట్టిన బంతి, ఇప్పటికీ నా కండ్ల ముందున్నది. ఆ తర్వాత అర్ధగంటకు పైగ గోల్‌కీపర్ అల్ ఓవైస్, డిఫెండర్లు పాణం పెట్టి ఆపిన్రు.

బయటోడు ఏం ఇయ్యలేడు?

ఇక్కడనే కత ఆపితే అది సినిమా అయితది. నిజం ఏందంటే, ఆ మ్యాచ్ తర్వాత సౌదీ పోలండు చేతుల 2-0, మెక్సికో చేతుల 2-1తోటి ఓడి ఇంటికొచ్చింది. ఓడిన అర్జెంటీనా కప్పు గెలిచింది. జాంబియా 2012ల కప్పు గెలిచి, 2013 ఆఫ్రికా కప్‌ల గ్రూపు గూడ దాటలేదు. రెనార్ ఎల్లిపోయినంక 2017, 2019, 2021 మూడు టోర్నీలకు అర్హతే రాలేదు.

ఇంకో లెక్క చూడండి. 1930 నుంచి 2022 దాక మగోళ్ల ప్రపంచకప్ గెలిచిన ఏ టీమ్‌కూ బయటిదేశపు కోచ్ లేడు. ఒక్కసారి గూడ లేడు. బోరా మిలుతినోవిచ్ అనే సెర్బియా కోచ్ వరుసగ ఐదు ప్రపంచకప్‌లకు ఐదు వేరే వేరే దేశాలను తీస్కపోయిండు. గొప్ప ముచ్చటే. కానీ కప్పు మాత్రం సొంత కోచ్‌లను తయారు చేసుకున్న దేశాలకే పోయింది.

అంటే ఏంది? బయటి కోచ్ కోతల టైముకు వచ్చే మొనగాడి లెక్క. పంట ఉంటే మంచిగ కోసి కుప్పవెడ్తడు, ఒక్క గింజ రాలకుండ చూస్తడు. కానీ భూమి దున్నుడు, నారు పోసుడు, నీళ్లు పెట్టుడు ఆయన పనిగాదు. అది పదేండ్లు, పదిహేనేండ్ల పని. ఊర్లల్ల గ్రౌండ్లు, బడిల ఆట, పిల్లలకు లీగులు, చెప్పెటందుకు సారు. అది ఆ దేశపోళ్లే చేసుకోవాలె.

మనకు దగ్గరి ముచ్చటనే చెప్త. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022 మార్చిల ఐఎస్ఎల్ కప్పు గెలిపిచ్చిండు. ఆయన పోయిండు, క్లబ్బు పైసల ఇబ్బందులల్ల పడ్డది. 2023-24 సీజన్ల పట్టికల అన్నిటికంటే అడుగున నిలిచింది. 2025ల క్లబ్బే ఢిల్లీకి పోయింది, పేరు గూడ మారింది. కోత మంచిగనే అయింది. భూమే మిగల్లే.

అదే హైదరాబాద్‌ల ఒకప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఉండె. ఆయన బడిపంతులు. బయట నుంచి వచ్చినోడు గాదు, ఇక్కడి గల్లీల్ల పిల్లలను ఏరి, చెప్పులు లేని కాళ్లకు ఆట నేర్పిండు. ఆయన కోచింగ్ల భారత్ 1951, 1962 ఏషియన్ గేమ్స్‌ల బంగారం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానంల నిలిచింది. ఆయన 1963ల పోయిండు. ఆయన తర్వాత ఎందరో విదేశీ కోచ్‌లు వచ్చిన్రు, మంచోళ్లు గూడ ఉన్నరు. ఆ లెక్క దాటినోడు ఇప్పటిదాక లేడు.

మరి మనకేంది?

రెనార్ 2023ల సౌదీని ఇడిసి ఫ్రాన్సు ఆడోళ్ల టీమ్‌కు కోచ్ అయిండు. అప్పటిదాక ఆడోళ్ల ఫుట్‌బాల్ల ఆయనకు అనుభవం లేదు, అయినా పోయి నేర్చుకున్నడు. ప్రపంచకప్‌ల క్వార్టర్ ఫైనల్, పారిస్ ఒలింపిక్స్‌ల గూడ క్వార్టర్ ఫైనల్. ఇంటికాడ మళ్ల పెద్ద గెలుపు రాలేదు. నడుమ 2024 జనవరిల, సొంత గడ్డ మీద ఆఫ్రికా కప్‌ల తడబడ్తున్న ఐవరీకోస్ట్, ఈయనను కొన్ని రోజులకు అప్పు ఇయ్యుమని ఫ్రాన్సును అడిగింది. ఫ్రాన్సు ఒప్పుకోలేదు. అప్పుడు ఐవరీకోస్ట్ సొంత దేశపాయన ఎమెర్స్ ఫాయేకు టీమ్ అప్పగించింది. ఫాయే కప్పు గెలిచిండు. నేను చెప్పాలనుకున్న మాటకు ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. 2024 అక్టోబర్‌ల రెనార్ మళ్ల సౌదీకే వచ్చిండు, ఏడాదికి 2026 ప్రపంచకప్‌కు అర్హత తెచ్చిపెట్టిండు.

మన ఊర్లల్ల వాలీబాల్, కబడ్డీ, ఫుట్‌బాల్ బాగ ఆడే పిల్లలు మస్తుమంది. ఇరవై మూడు, ఇరవై నాలుగు ఏండ్లకు సెలెక్షన్ రాలేదని ఆట ఇడిసి, ఫోన్ల క్రికెట్ బెట్టింగులకో, ఏజెంట్ల ఎంటో పోతరు. ఆడుడు ఒక్కటే ఆటల ఉన్న పని గాదు. నేర్పుడు గూడ పనే. పెద్ద ఆటగాడు కానోడు మంచి కోచ్ కావచ్చు. రహీం అట్లనే అయిండు, రెనార్ అట్లనే అయిండు. మన దేశంల ఫుట్‌బాల్ ఫెడరేషన్ కోచింగ్ కోర్సులు పెడ్తది. డి లైసెన్స్, ఆ పైన సి, బి, ఏ, ప్రో. ఫీజు కట్టుడు, ఇంగ్లీషుల పాఠాలు వినుడు మనోళ్లకు అల్క గాదు, నాకు తెల్సు. అందుకే ఒక్కొక్కన్ని వాని తిప్పలకు ఇడ్సిపెట్టకుండ, మండలానికి ఒకరిద్దరికైనా సర్కారు ఫీజు కట్టి పంపాలె. ఒక్క కోచ్‌ను తయారుచేస్తే ఇరవై ఏండ్లు పిల్లలు తయారైతరు. స్టేడియం కట్టి తాళం ఏసేకంటే అది మేలు.

మొన్న మా బావ సెలవు మీద వచ్చిండు. పొద్దుగూకినంక బడి గ్రౌండు దిక్కు నడుచుకుంట పోయినం. పదో తరగతి తప్పి వడ్రంగి పనికి పోతున్న ఒక పిలగాడు, పొద్దంత రంపం పట్టి, గప్పుడే వచ్చి చిన్నపిల్లలను రెండు జట్లు చేసి ఆడిపిస్తుండు. చేతుల విజిల్ లేదు, నోట్ల రెండు వేళ్లు పెట్టి ఊదుతుండు. బావ చానాసేపు చూసి అడిగిండు: "వీనికి ఎవరన్న జీతమిస్తరా?"

ఎవరూ ఇయ్యరు. ఆ పిలగాడు రేపు గూడ వస్తడు. వాని కోసం కిందినుంచి ఒక్క మెట్టన్న కడ్తమా, లేకుంటే ఇంకో తెల్ల అంగి ఆయన విమానం దిగేదాక ఎదురుచూస్తమా అన్నదే మనం తేల్చుకోవాల్సిన ముచ్చట.